మాటే మీటరు

మకాం తొమ్మిదో రోజు, మంగళవారం

ఈ పుస్తకం రాయమన్నది ఓదెలు. ఎండలు తప్పించుకోవడానికి కొండమీదికి పోయే మా వరసలో నలభై మూడు ఇంటిబళ్ళున్నాయి. అన్నిటికీ కరెంటు పని చూసేది అతనే. "ఏది ఎప్పుడు వేసినవ్, ఎప్పుడు బంద్ చేసినవ్, అన్నీ రాసిపెట్టు అక్కా. రోగం యాడ ఉన్నదో దొరుకుతది" అని సగం వాడిన నోటుబుక్కు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. నేను పదో తరగతి పాసయ్యాను, రాయడానికి ఇబ్బంది లేదు. రోజూ ఇదే గోడు రాయాలంటేనే విసుగు.

పొద్దున్న లేచేసరికి ఇంటి బ్యాటరీ నిండుకుంది. మూత మీద అయిదు చిన్న లైట్లలో చివరిదొక్కటే మిణుకుమంటోంది. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్జు ఆపాను. మా ఆయన ఊపిరి మిషను మాత్రం ఆపడానికి లేదు.

మా బండిలో రెండు బ్యాటరీలు. కింద ఉన్న పెద్దది బండిని నడుపుతుంది. బల్ల కింద ఉన్నది ఇంటిది. ఫ్యాను, ఫ్రిజ్జు, నీళ్ళ మోటారు, మిషను అన్నీ దాని మీదే. రెండింటినీ కలిపే ఎర్ర తాళం స్టీరింగు కింద ఉంది. తిప్పితే రెండూ కలిసిపోయి, ఇల్లు బండి కరెంటును తాగేస్తుంది. ఘాట్ మీద దాన్ని తిప్పకూడదని వరస కట్టడి. ఒక్క బండి వాలులో ఆగిపోతే వెనక అన్నీ ఆగిపోతాయి కదా.

కప్పు మీది సోలారు పలకలు ఫ్యానుకూ మిషనుకూ పగటిపూట సరిపోతాయి, అంతే. మిగిలినదంతా మధ్యాహ్నం కరెంటు లారీ నుంచి రావాలి. లారీ వరస మధ్యలో నిలబడి బండి బండికీ తీగ ఇస్తుంది. ఇవాళ పక్క బండికి గంటన్నర సేపు చార్జింగు లైటు వెలిగింది. మాకు పది నిమిషాలకే కొండెక్కింది.

సాయంత్రం స్వామికి దీపం పెట్టి పెట్టెకు మాట చెప్పాను. పెట్టె అంటే స్టీరింగు పక్కనుండే మాట్లాడే డబ్బా. బ్యాటరీ ఎంతుందో రోజూ దానికి చెప్పాలి, మర్నాడు ఎవరికెంత కరెంటో అదే పంచుతుంది. మునుపు మీటర్లుండేవి. కొందరు వాటిని తిప్పుకొని ఎక్కువ గుంజుకుంటున్నారని పెద్దలు పీకించేశారు. ఇప్పుడు బ్యాటరీ మూత మీద చెయ్యి పెట్టి, ఉన్నదున్నట్టు నోటితో చెప్పాలి. ‘మాటే మీటరు’ అని ప్రతి బండి తలుపు మీదా రాసి ఉంటుంది. అయిదో రోజున ఆయన గొంతు పోయేదాకా ఆయనే చెప్పేవారు. ఇప్పుడు నేను చెబుతున్నాను. ఉన్నదే చెప్పాను. పెట్టె "నమోదైంది" అంది.


మకాం పదో రోజు, బుధవారం

మళ్ళీ అదే. మధ్యాహ్నం పది నిమిషాలే.

పలకల మీద దుమ్ము పట్టిందేమోనని నిచ్చెన వేసుకొని ఎక్కి కడిగాను. నీళ్ళు నిండుకోవడంతో సగం తడిగుడ్డతోనే తుడిచాను. ఓదెలు వచ్చి బ్యాటరీ కొసలకు పట్టిన పచ్చటి చిలుమును వేడినీళ్ళూ సోడా ఉప్పూ వేసి కడిగించాడు, వాసెలిన్ రాయించాడు.

"ఇంక పెండ్లికొడుకు లెక్క తయారయింది. రేపట్నుంచి మంచిగ తాగుతది" అన్నాడు.

మా ఆయన మంచం కమ్మీ మీద స్టీలు గ్లాసుతో టంగుమని కొట్టారు. గొంతు పోయాక ఆయన పిలుపు అదే. ఒకటి కొడితే మంచినీళ్ళు, రెండు కొడితే నేను. మూడు కొడితే ఏమిటో ఇద్దరం ఇంకా అనుకోలేదు.

వెళ్ళాను. చెయ్యి పట్టుకొని, "కంగారు పడకు" అని పెదవులు కదిపారు.


మకాం పన్నెండో రోజు, శుక్రవారం

పెండ్లికొడుకు ఏమీ తాగలేదు.

భ్రమరాంబ వదినగారు వచ్చారు. వరస పెద్ద ఆవిడే, గుంటూరు వైపు మనిషి. మా వెనక బండి వాళ్ళదే. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు.

"వదినా, నేను కటువుగా చెప్పేదాన్నని నీకు తెలుసు. ఇరవయ్యో రోజు శనివారం మనం చింతపల్లి ఎక్కాలి. పొద్దున బయలుదేరితే పైకి చేరేసరికి సాయంత్రం అయ్యిద్ది. అడవి నీడలో పలకలు పనిచెయ్యవు. అన్నయ్యగారి మిషను అంతసేపూ ఇంటి బ్యాటరీ మీదే ఆడాలి. ఆడిద్దా?"

"ఓదెలు చూస్తున్నాడండీ."

"వాడు చూస్తూనే ఉంటాడు. పద్దెనిమిదో రోజుకి నాకు ఏదో ఒకటి చెప్పాల. లేదంటే మీ బండిని ఇక్కడ షెడ్డులో పెట్టి పోవాల్సొచ్చిద్ది. నాకు మాత్రం ఇష్టమా?"

నర్సీపట్నం దాటాక, ఘాట్ మొదట్లో ఉన్న రేకుల షెడ్డు అది. ఇప్పుడే ఎండ నలభై ఏడు. ఇంకో పది రోజుల్లో యాభై దాటుతుంది. వేడిగాలి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులతో ఆయన ఆ షెడ్డులో ఎన్నాళ్ళుంటారో నేను ఇక్కడ రాయను. రాయకూడదు.


మకాం పదమూడో రోజు, శనివారం

ఉపవాసం. ఫ్రిజ్జు ఇక వాడనని తీర్మానించుకున్నాను. పెరుగు పులిసి పారబోశాను. ఇన్వర్టరు ఊరికే ఉన్నా గుయ్యిమంటూ కరెంటు తింటుందని ఓదెలు చెప్పగా దాన్నీ ఆపాను. ఆయనకు విసనకర్రతో విసురుతూ కూర్చున్నాను. ఒక చేత్తో విసనకర్ర, ఇంకో చేత్తో ఈ పుస్తకం.

ఇంత చేస్తే సాయంత్రానికి రెండో లైటు కూడా రాలేదు.

దీపం పెట్టి స్వామి ముందు కూర్చుంటే శ్లోకం మధ్యలో ఆగిపోయింది. "నరసింహస్వామీ, నేనేం తప్పు చేశాను?" అని పైకే అనేశాను. స్వామితో అలా మాట్లాడటం యాభై ఏళ్ళలో ఇదే మొదలు. తర్వాత లెంపలేసుకున్నాను. కానీ కోపం పోలేదు. పక్క బండిలో పొద్దస్తమానం రెండు ఫ్యానులు తిరుగుతుంటాయి. ఆ ఇంట్లో ఒక్కరైనా దీపం పెట్టరు.

పెట్టెకు మాట చెప్పాను. "నమోదైంది." దాన్ని పీకి రోడ్డు మీద పారెయ్యాలనిపించింది.


మకాం పదహారో రోజు, మంగళవారం

ఓదెలు చివరి మాట చెప్పాడు. బ్యాటరీ ముందు బాసింపట్టు వేసుకొని చాలాసేపు కూర్చున్నాడు. నా ముఖం చూడలేదు.

"అక్కా, లారీ తీగ మంచిగున్నది. చార్జరు మంచిగున్నది. ఎక్కినట్టే ఎక్కి పది నిమిషాలకు ఆగుతున్నదంటే బ్యాటరీనే తీసుకుంటలేదన్నట్టు. లోపల పలకలు ముసలివయినయ్. ఇది ఇంక..."

"అనకు తమ్ముడూ" అన్నాను.

"అనకుంటె బాగయితదా?"

"కొత్తది ఉందా?"

"వరస మొత్తంల ఒక్కటి లేదు. పైన చింతపల్లిల దొరుకుతది."

పైకి వెళ్ళాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీ కావాలంటే పైకి వెళ్ళాలి. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అతను వెళ్ళాక కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.


మకాం పదిహేడో రోజు, బుధవారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కలగదు.

సాయంత్రం ఓదెలు మళ్ళీ వచ్చాడు. మనసొప్పలేదట, ఇంకోసారి చూస్తానని బల్ల కింద దూరాడు. దీపం వేళయింది. నేను దీపం పెట్టి, అతని తల పక్కనుంచే చెయ్యి చాపి బ్యాటరీ మూత మీద పెట్టి, రోజూ చెప్పినట్టే పెట్టెకు చెప్పాను. "ఇంటి బ్యాటరీ నిండుకుంది."

"నమోదైంది" అంది పెట్టె.

బల్ల కింద ధడేల్‌మని చప్పుడయింది. ఓదెలు తల తగిలింది.

"అక్కా! ఏమంటివి?"

"బ్యాటరీ నిండుకుందన్నాను."

"నిండిందా? గిది నిండిందా? మొత్తం ఒడిసిపాయె గదా!"

"అదే కదయ్యా నేనూ చెబుతున్నది. నిండుకుంది."

అతను బల్ల కిందినుంచి పాక్కుంటూ బయటికొచ్చి, నుదురు రుద్దుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "అక్కా, మీ దిక్కు నిండుకున్నదంటే ఏందే?"

"లేదని. ఇంట్లో బియ్యం లేకపోతే లేవంటామా? నిండుకున్నాయంటాం. నూనె నిండుకుంది, పసుపు నిండుకుంది. ఇల్లాలు ఇంట్లో వస్తువు లేదనే మాట అనకూడదు."

ఓదెలు నేల మీదే చతికిలబడ్డాడు. "ఓ నా అక్కా! పెట్టెకు నువ్వు బ్యాటరీ నిండిందని చెప్తున్నవ్. నిండిన బండికి గది పది నిమిషాలే ఇస్తది. పన్నెండు దినాల సంది ఇంటికి అన్నం లేక చస్తుంటే నువ్వు రోజు పోయి కడుపు నిండిందని చెప్పొస్తున్నవ్!"

వెనక మంచం మీద గ్లాసు ఆగకుండా మోగింది. పరుగెత్తాను. ఆయన కళ్ళలో నీళ్ళు, భుజాలు ఊగుతున్నాయి. భయపడ్డాను. నవ్వుతున్నారు! రోజూ నా మాట ఆయన చెవిన పడుతూనే ఉంది. చిన్నప్పటినుంచీ వాళ్ళమ్మ నోట వింటున్న మాటే కాబట్టి ఆయనకూ ఏమీ తేడాగా తోచలేదు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. విసనకర్ర పట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. పారబోసిన పెరుగు గుర్తొచ్చింది. స్వామిని నిలదీసిన మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. 

"రేపట్నుంచి ఖాళీ అని చెప్పు. అయిపాయె" అన్నాడు ఓదెలు. "ఏదీ, ఒక్కపారి అను."

"ఖా..." అన్నాను. అక్కడే ఆగిపోయింది.

"అను అక్కా. పెట్టె కొరుకదు."

నాకు ఆరేళ్ళప్పుడు పక్కింటి పిన్నితో "మా ఇంట్లో బియ్యం అయిపోయాయి" అన్నానని మా అమ్మ నోటి మీద కొట్టింది. మాది గోగులంక, గోదావరి లంక. అక్కడ ఎవరూ అశుభం పలికేవారు కాదు. నీళ్ళు చివరిసారి వచ్చినప్పుడు కూడా ‘మునుగుతుంది’ అని ఒక్కరి నోటా రాలేదు. ‘గోదారమ్మ గుమ్మం చూడటానికొస్తోంది’ అన్నారు. ఆ మాట మెత్తగా ఉండబట్టే సామాను సర్దుకోవడం ఆలస్యమయింది. ఇదంతా ఓదెలుకు చెప్పలేదు. "రేపు అంటాను" అని మాత్రం అన్నాను.


మకాం పద్దెనిమిదో రోజు, గురువారం

భ్రమరాంబ వదినగారి బండి దగ్గర పంచాయితీ. ఓదెలు పెట్టెలోని మాటలన్నీ వినిపించాడు. నా గొంతు పన్నెండుసార్లు మెత్తగా "నిండుకుంది, నిండుకుంది" అంటుంటే తలెత్తలేకపోయాను.

"మాటే మీటరు కదా వదినా" అన్నారావిడ. "మీటరు తిప్పినోళ్ళని అప్పట్లో వరస నుంచి పంపించాం. మాట తిప్పితే ఏం చెయ్యాల?"

"నేను అబద్ధం చెప్పలేదండీ." నా గొంతు నాకే వినపడలేదు.

"చెప్పావని నేనన్నానా? మా అమ్మా ఇట్టాగే అనేది. ఉప్పు నిండుకుందే, పోయి పట్టుకురా అనేది. నేను పట్టణంలో పెరిగి ఆ మాటే మర్చిపోయా." పైట చెంగు వేలికి చుట్టుకున్నారు. "రేపు రెండు పూటలా మీకు తీగ ఇప్పిస్తా. అంతకన్నా నా చేతుల్లో లేదు, మిగతా వాళ్ళూ ఎక్కాల. మూడు లైట్లొస్తే రా. రాకపోతే మాత్రం రావద్దు."

సాయంత్రం పెట్టె ముందు మళ్ళీ ప్రయత్నించాను. మూత మీద చెయ్యి పెట్టాను. "ఖా" దగ్గర మళ్ళీ నాలుక మడతపడింది. ఎంత విసుగంటే, నా నాలుకను నేనే గిల్లుకున్నాను.

ఓదెలు చూసి చూసి, "ఇడిసిపెట్టు అక్కా. నీ నోరు మారది గని పెట్టె చెవి మారుస్త" అన్నాడు. ఏవో మీటలు నొక్కి, "ఈ ఇంట్ల నిండుకున్నదంటె ఖాళీ అన్నట్టు. సమజైందా?" అని పెట్టెకు గట్టిగా చెప్పాడు.

"నమోదైంది" అంది పెట్టె.


మకాం పంతొమ్మిదో రోజు, శుక్రవారం

రెండు పూటలా తీగ ఇచ్చారు. లైటు ఆగకుండా వెలిగింది. బ్యాటరీలో ఏ లోపమూ లేదు, పాపం. సాయంత్రానికి మూడు లైట్లు, నాలుగోది వచ్చీ రానట్టు.

ఘాట్ ఎక్కే రోజు మాత్రం పెట్టెకు కొలిచే తీగ కలుపుకోవచ్చు. ఓదెలు కలిపాడు. "నువ్వు బండి తోలు. బ్యాటరీ ఎంతున్నదో గదే చెప్తది" అన్నాడు. మిషను ఒక్కటే నడిపితే పైదాకా సరిపోతుందట. ఫ్యాను వెయ్యొద్దన్నాడు.


ప్రయాణం రోజు, శనివారం

పైకి చేరాక, సాయంత్రం రాస్తున్నాను.

స్వామికి కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. మాది ముప్ఫయ్యో బండి. మలుపు మలుపుకీ స్టీరింగు బరువెక్కుతోంది. పెట్టె అరగంటకొకసారి చెబుతోంది. "ఇంటి బ్యాటరీ మూడు లైట్లు." మధ్యాహ్నానికి "రెండు లైట్లు." సగం దూరం వచ్చాక ముందు ఎక్కడో చెట్టు పడి రెండు గంటలు నిలిచిపోయాం. ఆ రెండు గంటలు మా లెక్కలో లేవు.

మళ్ళీ కదిలాక నాలుగు మలుపులు తిరిగామో లేదో, పెట్టె మెల్లగా అంది. "ఇంటి బ్యాటరీ నిండుకుంది."

ఆ మాట నా నోట వస్తే ఏమిటో నాకు తెలుసు. కానీ పెట్టె నోట వినేసరికి పన్నెండు రోజులుగా పెట్టె దాన్ని ఎలా అర్థం చేసుకుందో అదే బుర్రలో మెదిలింది. నిండింది! స్వామి దయ అనుకున్నాను. చెట్ల సందున ఎండ తగిలిందేమో, పలకలు పట్టుకున్నాయేమో అనుకున్నాను. చెమటతో తడిసిపోతున్నారని ఆయన మంచం పక్క ఫ్యాను కూడా వేశాను. పాడు చేతులు.

ఒక మలుపు. ఇంకో మలుపు. పెట్టె మళ్ళీ అదే మాట, అదే మెత్తటి గొంతుతో. నేను దండం పెట్టుకున్నాను.

వెనక గ్లాసు మోగింది. ఒకటి. రెండు. మూడు.

మూడుకు అర్థం మేమిద్దరం ఇంకా అనుకోలేదని రాశాను కదా. అద్దంలో చూశాను. ఆయన ముఖం మీది గొట్టం పక్కకు తీసి, ఉన్న ఊపిరంతా కూడదీసుకొని అన్నారు.

"నిండలేదే... నిండుకుంది."

అప్పటికే మిషను కీచుమంటోంది. మూత మీద ఒక్క లైటూ లేదు.

అప్పుడు నేనేం చేశానో వరసలో అందరికీ తెలుసు. పెట్టెలో వరస మొత్తానికి వినపడే ఎర్ర మీట నొక్కి అరిచాను. "ఖాళీ! ఖాళీ! మా బ్యాటరీ ఖాళీ అయిపోయింది! ఆయనకు ఊపిరి లేదు!" ఆ చివరి మాట కూడా అన్నాను. యాభై ఏళ్ళుగా ఆపుకున్నవన్నీ ఒక్కసారిగా వచ్చాయి. అంటూనే ఎర్ర తాళం తిప్పాను. మిషను మళ్ళీ పట్టుకుంది. ఆయన ఛాతీ లేచింది. తిన్నగా పదిగజాలు వెళ్ళాక పెద్ద బ్యాటరీ నీరసపడి, వాలులో బండి ఆగిపోయింది. బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడ్డాను.

వెనక పదమూడు బళ్ళు ఆగాయి. హారన్లు. "ఎవరమ్మా అది, రోడ్డు మీద కాపురం పెట్టింది?" అని ఎవరో అరిచారు. ఓదెలు పరుగెత్తుకుంటూ వచ్చి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. తలుపు తెరిచి మొదట ఫ్యాను చూశాడు, తర్వాత నన్ను చూసి దాన్ని ఆపాడు. వదినగారు తన బండి నుంచి తీగ లాక్కుంటూ స్వయంగా వచ్చారు. తాళం తిప్పినందుకు తిడతారనుకొని చేతులు జోడించాను.

"చేతులు దించు వదినా, బ్రేకు పట్టుకో" అన్నారు. తీగ తగిలించాక మెల్లగా, "నీకింత గొంతుందని నలభై మూడు బళ్ళకీ ఇవాళే తెలిసింది" అన్నారు.

ముప్పావుగంట ఆవిడ బండి మా బండికి పాలిచ్చినట్టు ఇచ్చింది. తర్వాత అందరం ఎక్కాం.

ఇక్కడ చల్లగా ఉంది. ఆయన మిషను వదినగారి తీగ మీద ఆడుతోంది, చప్పుడు తగ్గింది, గాలి తేలిగ్గా తీసుకుంటున్నారు. ఓదెలు కొత్త బ్యాటరీ అక్కర్లేదన్నాడు. పెట్టెకు కలిపిన తీగ తీసేస్తూ, "పెట్టె చెవి మళ్ళ మార్చాల్నా అక్కా?" అని అడిగాడు.

"మార్చెయ్యి" అన్నాను.

దీపం పెట్టాను. అన్న మాటలకు స్వామికి క్షమాపణ చెప్పుకున్నాను. బ్యాటరీ మూత మీద చెయ్యి పెట్టాను. ఈసారి నాలుక మడతపడలేదు.

"ఖాళీ."

"నమోదైంది" అంది పెట్టె. తర్వాత, "ప్రయాణం వివరం రాయాలి. ఈ బండి కొండెక్కింది. నమోదు చేయనా?"

"శివశివా! వద్దు!" అన్నాను. "దీపాలు కొండెక్కుతాయి, మేం కాదు. క్షేమంగా చేరింది అని రాయి."

వెనక మంచం మీద గ్లాసు ఆగకుండా మోగుతోంది.